పలక మందానికి తగిన తీగ

మాఘ శుద్ధ దశమి రాత్రి అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, మరునాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం జరుగుతాయి. నరసాపురం వైపు నుంచి ఈ తీర్థానికి వచ్చేవారిలో అనేకులు వశిష్ఠ గోదావరిని పంటు మీద దాటి సఖినేటిపల్లి రేవులో దిగుతారు. మనుషులతోపాటు సైకిళ్లు, మోటారు బండ్లు కూడ అదే పంటు మీద ఎక్కుతాయి. పంటు అనగా ఇనుప పలకలను ఒకదానితో ఒకటి అతికి కట్టిన వెడల్పాటి బల్లకట్టు. పలక ఎంత దళసరిదైనా, నీరు లోపలికి చొరకుండ ఆపవలసినది రెండు పలకల మధ్యనున్న అతుకు. ఆ అతుకు పైకి నున్నగా మెరుస్తూ లోపల అంటుకొనక ఉన్నట్లయితే, అది తీర్థం రద్దీలోనే బయటపడవచ్చును.

ఈ అతుకులు రెండు విధాలుగా వేస్తారు. పూత పూసిన కడ్డీని పట్టుకారుతో పట్టి వేసేది మొదటి పద్ధతి. చుట్ట నుంచి సన్నని తీగ ఎడతెగకుండ వస్తూ, కరుగుతూ, అతుకుగా మారేది రెండవ పద్ధతి. ఈ రెండవ దానికే మిగ్ వెల్డింగు అని పేరు. బొగ్గుపులుసు వాయువు వాడతారు గనుక మన షాపులలో దీనిని ‘సీఓటూ వెల్డింగు’ అని కూడ అంటారు. ఇందులో వాడే తీగ 0.6 మిల్లీమీటర్ల నుంచి 1.6 మిల్లీమీటర్ల వరకు అనేక లావులలో దొరుకుతుంది. ఏ పలకకు ఏ తీగ తగును? చూడడానికి చిన్న ప్రశ్నే. కాని ఓం సూత్రం నుంచి సముద్రపు గాలి వరకు హైస్కూలు భౌతికశాస్త్రంలో సగభాగం ఈ ప్రశ్నలో ఇమిడి ఉన్నది.

ఒక షాపు, మూడు పనులు

అంతర్వేది వంటి తీరగ్రామంలో ఒక వెల్డింగు షాపు ఉన్నదనుకుందాము. ఒకేరోజున దానికి మూడు పనులు వచ్చినవి. మొదటిది ఇంటి గేటుకు అడుగున తుప్పుపట్టి చిల్లులు పడిన రేకు. దాని మందం 1 మి.మీ. రెండవది రొయ్యల చెరువులో నీటిని చిలికే ఏరేటరు చట్రం. అందులోని ఇనుప యాంగిలు మందం 3 మి.మీ. మూడవది పంటుకు వేయవలసిన పలక. దాని మందం 6 మి.మీ. షాపు యంత్రంలో 1.2 మి.మీ. తీగ చుట్ట ఎక్కించి ఉన్నది. తీగను మార్చడానికి చుట్టను, తీగను నెట్టే చక్రాలను, తుపాకి కొనలోని రాగి టిప్పును మార్చవలసి ఉంటుంది. ఆ శ్రమ ఎందుకని మూడు పనులకూ అదే తీగ వాడితే ఏమగును?

గేటు రేకు మీద తీగ తాకీ తాకకముందే రేకు కరిగి చిల్లి పడుతుంది. చిల్లి పూడ్చబోతే చిల్లి పెద్దదవుతుంది. ఇది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేయడమే. ఇక షాపులో 0.6 మి.మీ. తీగే ఉన్నదనుకొని, దానితో పంటు పలకను అతకబోతే ఇందుకు విరుద్ధమైన కథ నడుస్తుంది. తీగ కరిగి పలక మీద గట్టుగా పేరుకొంటుంది, పలక మాత్రం కరగదు. ఏనుగు దాహానికి చూరునీళ్లు చాలనట్లు, దళసరి పలకకు ఆ వేడి చాలదు.

ఈ రెండు తప్పులూ ఒకే రకమైనవి కావు. మొదటి తప్పు తక్షణమే కంటికి కనబడుతుంది. రేకు పాడైనదని పనివాడే గుర్తిస్తాడు. రెండవ తప్పు కంటికి కనబడదు. గట్టు అందంగా ఉంటుంది, రంగు వేస్తే మరింత అందంగా ఉంటుంది. బరువు పడిన రోజునగాని దాని గుట్టు తెలియదు. కాబట్టి దళసరి పలకల విషయంలో తీగ ఎంపిక మరింత జాగ్రత్తగా చేయవలెను.

తీగ చేసే రెండు పనులు

మిగ్ యంత్రంలో తీగ ఏకకాలంలో రెండు పనులు చేస్తుంది. విద్యుత్తును తీసుకొని వచ్చేదీ అదే, కరిగి అతుకును నింపేదీ అదే. తీగ కొనకు, పలకకు నడుమ విద్యుచ్చాపం వెలుగుతుంది. దాని ఉష్ణోగ్రత కొన్ని వేల డిగ్రీలు. శుద్ధమైన ఇనుము కరగడానికి 1538 సెంటీగ్రేడు డిగ్రీలు చాలును. చాపం చుట్టూ తుపాకి మూతి నుంచి వాయువు కురుస్తూ, గాలిలోని ఆమ్లజని, నత్రజని కరిగిన లోహాన్ని తాకకుండ కాపాడుతుంది.

చాపానికి 18 వోల్టుల పీడనం, 120 ఆంపియర్ల ప్రవాహం ఉన్నవనుకుందాము. రెండింటినీ గుణిస్తే 2,160 వాట్లు. ఇంట్లో స్నానానికి నీళ్లు కాచే గీజరు శక్తి కూడ ఇంచుమించు ఇంతే. అయితే గీజరు ఆ శక్తిని కొన్ని లీటర్ల నీటిలో పరుస్తుంది. చాపం దానిని బఠాణీ గింజంత చోటనే కుమ్మరిస్తుంది. అందుకే నీరు గోరువెచ్చనయ్యే లోపల ఇక్కడ ఇనుము ద్రవమవుతుంది.

ఆ వేడి పడిన చోటనే నిలిచి ఉండదు. లోహం మంచి ఉష్ణవాహకం గనుక పలకలోనికి పారిపోతుంది. పలుచని రేకులో వేడికి పారిపోయే దారి పక్కలకే ఉన్నది. అడుగున ఉన్నది గాలి మాత్రమే. దళసరి పలకలో వేడి పక్కలకూ పోతుంది, కిందికీ పోతుంది. అందుచేత పలక మందం పెరిగినకొద్దీ అదే చోటును కరిగించడానికి ఎక్కువ వేడి, అనగా ఎక్కువ ప్రవాహం కావలెను. మెత్తని ఉక్కుకు వెల్డర్లు వాడే ఉజ్జాయింపు లెక్క ఒకటి ఉన్నది. మిల్లీమీటరు మందానికి సుమారు 40 ఆంపియర్లు. ఈ లెక్కన గేటు రేకుకు 40, ఏరేటరు యాంగిలుకు 120, పంటు పలకకు 240 ఆంపియర్లు వస్తాయి. 5, 6 మి.మీ. దాటిన తరువాత ఈ లెక్క పనికిరాదు. అప్పుడు పలక అంచులను ఏటవాలుగా చెక్కి, గాడి చేసి, ఒకదానిపై ఒకటిగా అనేక వరుసలు వేసి నింపుతారు.

కాబట్టి మందం నేరుగా తీగను నిర్ణయించదు. మందం ప్రవాహాన్ని నిర్ణయిస్తుంది, ప్రవాహం తీగను నిర్ణయిస్తుంది. ఈ రెండు మెట్లను విడివిడిగా గుర్తుంచుకొన్నవారు పట్టిక చేతిలో లేకపోయినా దారి తప్పరు.

ప్రవాహానికీ తీగ లావుకూ సంబంధం

0.8 మి.మీ. తీగ మధ్యచ్ఛేద వైశాల్యం సుమారు 0.50 చదరపు మి.మీ. 1.2 మి.మీ. తీగది సుమారు 1.13 చదరపు మి.మీ. లావు ఒకటిన్నర రెట్లే పెరిగినా, వైశాల్యం రెండుంబావు రెట్లు పెరిగినది. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది గదా! 100 ఆంపియర్ల ప్రవాహం సన్న తీగలో వెళితే చదరపు మిల్లీమీటరుకు సుమారు 200 ఆంపియర్లు పడతాయి. లావు తీగలో సుమారు 88 మాత్రమే పడతాయి. పోలిక కోసం ఇంటి గోడలలోని తీగలను చూడవచ్చును. 2.5 చదరపు మి.మీ. రాగి తీగలో 16 ఆంపియర్లు పోతే, చదరపు మిల్లీమీటరుకు ఆరున్నర ఆంపియర్లకు మించవు. ఇంటి తీగ వేడెక్కకూడదు. వెల్డింగు తీగ కరగవలెను. రెండింటి ధర్మాలు వేరు.

ఈ సాంద్రత ఒక హద్దుకంటె తగ్గితే చాపం నిలకడగా వెలగదు. తీగ కొన ముద్దగా తయారై, పలకకు గుద్దుకొని, తెగి, మళ్లీ గుద్దుకొంటుంది. 1.2 మి.మీ. తీగ 80 ఆంపియర్లకు దిగువన ఇట్లాగే తడబడుతుంది. గేటు రేకుకు కావలసినది 40 ఆంపియర్లు. తడబాటు పోవడానికి ప్రవాహం పెంచితే రేకు కాలిపోతుంది. అనగా ఆ తీగతో ఆ రేకును అతకడం యంత్రం మరలు ఎటు తిప్పినా సాధ్యం కాదు. తప్పు పనివాని చేతిలో కాక చుట్టలోనే ఉన్నది.

సన్న తీగకు పై హద్దు ఉన్నది. ప్రవాహం పెరిగినకొద్దీ తీగ త్వరత్వరగా కరుగుతుంది గనుక, దానిని అంతే త్వరగా నెట్టవలసి ఉంటుంది. ఉజ్జాయింపుగా ఆంపియరుకు నిమిషానికి 0.6 మి.మీ. తీగ 9 సెంటీమీటర్లు, 0.8 మి.మీ. తీగ 5 సెంటీమీటర్లు, 1.2 మి.మీ. తీగ రెండున్నర సెంటీమీటర్లు కరుగుతాయి. పంటు పలకకు 200 ఆంపియర్లు పెట్టినా, 0.6 మి.మీ. తీగను నిమిషానికి 18 మీటర్ల వేగంతో నెట్టవలెను. చాలా చిన్న యంత్రాలకు ఆ శక్తి లేదు. ఉన్నా, అంత సన్నని తీగ అంత వేగంలో గొట్టంలోనే మెలికపడుతుంది. 1.2 మి.మీ. తీగకైతే 5 మీటర్ల వేగం చాలును.

ఇక్కడ విద్యార్థులు గమనింపదగిన విశేషం ఒకటి ఉన్నది. 100 ఆంపియర్ల వద్ద 0.8 మి.మీ. తీగ నిమిషానికి 5 మీటర్లు, 1.2 మి.మీ. తీగ రెండున్నర మీటర్లు కరుగుతున్నవి. పొడవును వైశాల్యంతో గుణించి చూస్తే, మొదటిది సుమారు 2.5 ఘన సెంటీమీటర్లు, రెండవది సుమారు 2.8 ఘన సెంటీమీటర్లు. అనగా తీగ ఏదైనా, నిమిషంలో కరిగే ఉక్కు దాదాపు ఒకటే: రమారమి 20 గ్రాములు. ఎంత లోహం కరగవలెనో ప్రధానంగా ప్రవాహం చెపుతుంది. ఆ ప్రవాహం వద్ద చాపం నిలకడగా ఉండునా, తీగ సాఫీగా నడుచునా అన్నది తీగ లావు చెపుతుంది.

ప్రవాహానికి వేరే మర లేదు

కడ్డీ వెల్డింగు యంత్రం మీద ప్రవాహాన్ని పెంచే, తగ్గించే మర ఉంటుంది. మామూలు మిగ్ యంత్రం మీద అది కనబడదు. వోల్టేజికి ఒక మర, తీగ వేగానికి ఒక మర మాత్రమే ఉంటాయి. మరి ప్రవాహం ఎక్కడ నుంచి వచ్చుచున్నది?

ఈ యంత్రం వోల్టేజిని దాదాపు స్థిరంగా ఉంచుతుంది. తీగ కొంచెం వేగంగా వస్తే కొన పలకకు దగ్గరవుతుంది, చాపం పొట్టిదవుతుంది. పొట్టి చాపానికి నిరోధం తక్కువ గనుక ప్రవాహం పెరుగుతుంది. పెరిగిన ప్రవాహం తీగను మరింత త్వరగా కరిగించి, కొనను వెనుకకు నెట్టి, చాపాన్ని మునుపటి పొడవుకు తెస్తుంది. వెల్డరు చేయి వణికి తుపాకి దూరమైతే ఇదే క్రమం తలకిందులుగా జరుగుతుంది. ఈ విధంగా చాపం తన పొడవును తానే సరిదిద్దుకొంటుంది. కనుక తీగ వేగపు మరే వాస్తవానికి ప్రవాహపు మర. తీగ లావు మార్చి వేగం మార్చకపోతే, తెలియకుండానే ప్రవాహం మారిపోయినట్లే. 0.8 మి.మీ. తీగను నిమిషానికి 5 మీటర్ల వేగంతో నడిపేవారు, అదే వేగంలో 1.2 మి.మీ. తీగను ఎక్కిస్తే ప్రవాహం 100 నుంచి 200 ఆంపియర్ల వైపు ఉరుకుతుంది.

చరిత్ర చెప్పిన సాక్ష్యం

తీగ సన్నబడడం ఎంత పెద్ద మార్పో ఈ పద్ధతి చరిత్రే చెపుతుంది. విద్యుచ్చాపంతో లోహాలను అతకడం 19వ శతాబ్ది చివరి భాగంలో మొదలైనది. 1881 ప్రాంతాల రష్యా దేశీయుడు బెనార్డోస్ బొగ్గుకడ్డీతో చాపం వెలిగించి లోహాలను అతికినాడు. తరువాత లోహపు కడ్డీలు, ఆపైన పూత కడ్డీలు వచ్చినవి. ఎడతెగని తీగను జడవాయువు మాటున కరిగించే పద్ధతిని 1948లో అమెరికాలోని బాటెల్ మెమోరియల్ ఇన్‌స్టిట్యూట్‌లో రూపొందించినారు. మొదట్లో దానిని అల్యూమినియానికి వాడినారు. జడవాయువుల ఖరీదు ఎక్కువ. 1953లో సోవియట్ శాస్త్రజ్ఞులు లుబావ్‌స్కీ, నొవోషిలోవ్‌లు చౌకైన బొగ్గుపులుసు వాయువుతో ఉక్కును అతకవచ్చునని చూపినారు. అయినా పలుచని రేకులు ఈ పద్ధతికి లొంగలేదు. లావు తీగ, ఎక్కువ ప్రవాహం వాటిని కాల్చివేసేవి.

1950ల చివర సన్నని తీగలతో, తక్కువ వోల్టేజితో పనిచేసే ఉపాయం దొరికినది. ఇందులో తీగ కొన కరిగిన మడుగును తాకుతుంది, క్షణకాలం చాపం ఆరుతుంది, బొట్టు మడుగులో కలుస్తుంది, మళ్లీ చాపం వెలుగుతుంది. ఇట్లు సెకనుకు 20 నుంచి 200 సార్లు జరుగుతుంది. నూనెలో వడియాలు వేగుతున్నట్లు వినిపించే చిటపట చప్పుడు ఇదే. చాపం మాటిమాటికీ ఆరుతూ ఉండడం వలన పలకకు చేరే వేడి తగ్గినది. దానితో రేకులను, నిలువు అతుకులను, తలపైన ఉండే అతుకులను కూడ వేయడం సాధ్యమైనది. అయితే రేకును కాపాడిన ఈ తక్కువ వేడే దళసరి పలకకు శత్రువు. అదే చప్పుడు, అదే అందమైన గట్టు ఉంటాయి, అడుగున అంటుకోదు.

ఎంపికకు పట్టిక

మెత్తని ఉక్కుకు, వాయువు మాటున నడిచే గట్టి తీగకు కింది కొలతలు ఆధారంగా పెట్టుకోవచ్చును. ఇవి మొదలుపెట్టడానికే గాని, తుది తీర్పులు కావు.

1 మి.మీ. వరకు: తీగ 0.6 మి.మీ.; ప్రవాహం 30 – 50 ఆంపియర్లు.
1 నుంచి 2 మి.మీ.: తీగ 0.6 లేక 0.8 మి.మీ.; ప్రవాహం 40 – 80 ఆంపియర్లు.
2 నుంచి 4 మి.మీ.: తీగ 0.8 లేక 1.0 మి.మీ.; ప్రవాహం 80 – 150 ఆంపియర్లు.
4 నుంచి 6 మి.మీ.: తీగ 1.0 లేక 1.2 మి.మీ.; ప్రవాహం 150 – 220 ఆంపియర్లు.
6 మి.మీ. పైన: తీగ 1.2 మి.మీ.; అంచులు చెక్కి, అనేక వరుసలు.

ఒకే చుట్ట కొనగల చిన్న షాపుకు 0.8 మి.మీ. తీగ మంచి మధ్యేమార్గం. రేకు గేట్ల నుంచి యాంగిలు చట్రాల వరకు అది నెగ్గుకొస్తుంది. కాని పంటు వంటి పనికి దానిని లాగడం తగదు. 15 కిలోల చుట్టలో 0.8 మి.మీ. తీగ సుమారు 3.8 కిలోమీటర్ల పొడవు ఉంటుంది, 1.2 మి.మీ. తీగ సుమారు 1.7 కిలోమీటర్లు ఉంటుంది. ఉక్కు సాంద్రత 7.85 అని తీసుకొని విద్యార్థులు ఈ లెక్కను సరిచూడవచ్చును.

రేకుల షాపులలో మందాన్ని గేజిలలో చెప్పడం వాడుక. గేజి అంకె పెరిగితే మందం తగ్గుతుంది. బ్రిటిష్ తీగ గేజి ప్రకారం 16 గేజి సుమారు 1.6 మి.మీ., 18 గేజి సుమారు 1.2 మి.మీ., 20 గేజి సుమారు 0.9 మి.మీ. అంకె పెద్దది గనుక రేకు దళసరిదని పొరబడరాదు.

మందం వేర్వేరుగా ఉన్న రెండు ముక్కలను అతకవలసి వస్తే, పలుచని ముక్కను కాల్చని తీగను ఎంచి, తుపాకి మూతిని దళసరి ముక్క వైపు వంచి పట్టవలెను. దళసరి ముక్క మీద కరిగిన లోహం పలుచని అంచును తడుపుతూ సాగుతుంది.

కొలవవలసినది నేటి మందం

సముద్రతీరంలో ఇంకొక చిక్కు ఉన్నది. అంతర్వేది వద్ద వశిష్ఠ నీరు ఉప్పునీటితో కలుస్తుంది. పల్లిపాలెం ఒడ్డున నిలిచే పడవల ఇనుప భాగాలకు, రొయ్యల చెరువుల చట్రాలకు, రేవులోని పంట్లకు ఉప్పు తగలని రోజు లేదు. ఉప్పునీరు మంచి విద్యుద్వాహకం గనుక తుప్పుపట్టే రసాయన చర్య అందులో చురుకుగా సాగుతుంది. కొత్తలో 6 మి.మీ. ఉన్న పలక కొన్నేళ్లకు కొన్నిచోట్ల 4 మి.మీ. కావచ్చును, కొన్నిచోట్ల ఇంకా పలుచబడవచ్చును. పాత లెక్క చూసి 240 ఆంపియర్లు పెడితే పలుచబడిన చోట చిల్లి పడుతుంది.

అందుచేత మరమ్మతులో కొలవవలసినది నేటి మందం. తుప్పును గీకి, ఇనుము మెరిసేదాక శుభ్రం చేసి, అంచు దొరికిన చోట వెర్నియర్ కాలిపరుతోనో స్క్రూగేజితోనో మూడు నాలుగు తావులలో కొలవవలెను. అంచు దొరకని పెద్ద పలకల కోసం శబ్దతరంగాలతో మందం కొలిచే పరికరాలు ఉన్నవి. పలక ఒక వైపు నుంచి పంపిన తరంగం రెండవ ముఖానికి తగిలి తిరిగివచ్చే కాలాన్ని బట్టి మందం తెలుస్తుంది. పలక మరీ పలుచబడితే అక్కడ తీగ ఎంపికతో పనిలేదు. ఆ భాగాన్ని కోసి తీసివేసి కొత్త పలక వేయడమే సరి.

తుప్పును శుభ్రం చేయడం అందం కోసం కాదు. తుప్పులో నీటి అంశం ఉంటుంది. చాపపు వేడికి అది విడిపోయి, ఉదజని కరిగిన లోహంలో చేరి, అతుకును బుడగలమయం చేయవచ్చును, పగుళ్లకూ దారితీయవచ్చును. ఇదే కారణం చేత తీగ చుట్టకు కూడ తుప్పు పట్టనీయరాదు. తీగ మీద కనబడే పలుచని రాగి పూత కొంతవరకే కాపాడుతుంది. తీరపు తేమలో చుట్టను రాత్రిపూట యంత్రం మీద బోర్లా వదలివేయక, సంచిలో కట్టి పొడిచోట ఉంచవలెను. సన్న తీగ ఈ విషయంలో మరింత సుకుమారమైనది. ఒకే బరువు తీగలో సన్నదానికి ఉపరితలం ఎక్కువ, తుప్పుకు అవకాశమూ ఎక్కువ.

సముద్రపు గాలి

తీగ సరిగా ఎంచుకొన్నా, చుట్టూ వాయువు నిలవకపోతే పని చెడుతుంది. తుపాకి మూతి నుంచి సాధారణంగా నిమిషానికి 10 – 15 లీటర్ల వాయువు వస్తుంది. గంటకు 8 కిలోమీటర్లు దాటిన గాలి ఈ వాయువును చెదరగొట్టగలదు. ముఖానికి గాలి తగులుతున్నది, కొబ్బరాకులు గలగలమంటున్నవి అంటే ఆ హద్దు వచ్చినట్లే. చెదరిన చోట నత్రజని, ఆమ్లజని లోహంలో చొరబడి, అతుకు తేనెపట్టు వలె బెజ్జాలు పడుతుంది.

పగటివేళ నేల సముద్రంకంటె త్వరగా వేడెక్కుతుంది. నేల మీది గాలి తేలికై పైకి లేవగా, ఆ చోటికి సముద్రం నుంచి చల్లని గాలి వీస్తుంది. ఏడవ తరగతి పిల్లవాడు చదువుకొనే ఈ సాగరపవనమే అంతర్వేదిలో మధ్యాహ్నం వేళ ఆరుబయట మిగ్ వెల్డింగుకు అడ్డుపడుతుంది. గాలి మందగించిన తెల్లవారుజామున పని పెట్టుకోవడం, టార్పాలిన్ తెర కట్టడం మంచి ఉపాయాలు. రేవు ఒడ్డున తప్పనిసరిగా పగలే చేయవలసిన పనికి పూత కడ్డీ మేలు; పూత కాలి ఏర్పడే వాయువు, చిట్టెం అతుకుకు కాపుగా ఉంటాయి. లోపల పొడి నింపిన గొట్టపు తీగలు కూడ ఉన్నవి. వాటిలో కొన్ని బయటి వాయువు లేకుండానే నడుస్తాయి. అవి కడ్డీకి, తీగకు నడుమ సంధి వంటివి.

ఉక్కు కాని లోహాలు

ఏరేటర్లలో స్టెయిన్‌లెస్ స్టీలు భాగాలు కూడ ఉంటాయి. దాని ఉష్ణవాహకత మెత్తని ఉక్కులో మూడింట ఒక వంతు మాత్రమే. వేడి పారిపోక అక్కడే నిలుస్తుంది గనుక అదే మందానికి తక్కువ ప్రవాహం చాలును. ఎక్కువ పెడితే ముక్క వంకరపోతుంది. తీగ కూడ స్టెయిన్‌లెస్‌దే కావలెను. అల్యూమినియం ఇందుకు పూర్తిగా విరుద్ధం. అది మెత్తని ఉక్కుకంటె నాలుగైదు రెట్లు వేగంగా వేడిని తరలిస్తుంది, కనుక తక్కువ మందానికే ఎక్కువ ప్రవాహం అడుగుతుంది. పైగా అల్యూమినియం తీగ మెత్తనిది. సన్న తీగను గొట్టంలో నెడితే తడిసిన దారం వలె మడతపడుతుంది. అందుచేత పలుచని అల్యూమినియానికి కూడ తరచుగా 1.0 లేక 1.2 మి.మీ. తీగ వాడతారు. వాయువు శుద్ధమైన ఆర్గాన్ కావలెను. ఉక్కుకు చెప్పిన పట్టిక వీటికి వర్తించదు గాని, మందం నుంచి వేడికి, వేడి నుంచి తీగకు నడిచే ఆలోచన మాత్రం అన్నింటికీ ఒకటే.

విరిచి చూడడమే పరీక్ష

దగ్గరలో ఐ.టి.ఐ. లేక మంచి షాపు ఉన్న ఉపాధ్యాయులు, అక్కడి నిపుణుని చేత, ఒక చిన్న ప్రయోగం చేయించి విద్యార్థులకు చూపవచ్చును. 6 మి.మీ. మందం గల రెండు పట్టీ ముక్కలను లంబకోణంలో నిలిపి, ఒక పక్కనే అతుకు వేయించవలెను. ఇటువంటి నమూనాలు రెండు కావలెను. ఒకదానికి 1.2 మి.మీ. తీగతో 200 ఆంపియర్లు, రెండవదానికి 0.6 మి.మీ. తీగతో 80 ఆంపియర్లు. చల్లారిన తరువాత రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఏది గట్టిదో చెప్పుమని విద్యార్థులను అడగవలెను. చూపుతో తేల్చడం తేలిక కాదు. తరువాత ఒక్కొక్క నమూనాను వైసులో బిగించి, అతుకు తెరుచుకొనే దిశగా సమ్మెటతో కొట్టించవలెను. మొదటిది వంగుతుంది, విరిగినా, విరిగిన చోట పలక లోహం చిరిగిన గరుకుదనం కనబడుతుంది. రెండవది ఊడి వచ్చే అవకాశం ఎక్కువ. ఊడిన చోట పలక అంచు కోసినప్పటి నునుపుతో, కరగని గుర్తుతో చెక్కుచెదరకుండ ఉంటుంది.

తీగ వేగాన్ని కొలిచే ప్రయోగం ఇంకా సులభం. తుపాకిని మనుషులకు, లోహానికి దూరంగా పట్టి, 10 సెకనులు తీగను వదలి, వచ్చిన పొడవును 6తో గుణిస్తే నిమిషపు వేగం తెలుస్తుంది. 0.8 మి.మీ. తీగ 10 సెకనులలో ఒక మీటరు వస్తే వేగం 6 మీటర్లు, ప్రవాహం సుమారు 120 ఆంపియర్లు. 3 మి.మీ. ఏరేటరు యాంగిలుకు కావలసిన కొలత ఇదే!

చాపాన్ని వట్టి కళ్లతో ఒక్క క్షణమైనా చూడరాదు. దానిలోని అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను కమిలించి, రాత్రికి కంట్లో ఇసుక పోసినంత బాధ కలిగిస్తాయి. 10 లేక 11 నంబరు నల్లని అద్దం తప్పనిసరి. యశదం పూసిన రేకులను అతికేటప్పుడు లేచే తెల్లని పొగ పీలిస్తే జ్వరం వస్తుంది గనుక ముందుగా పూతను గీకివేసి, గాలి ఆడే చోట పని చేయవలెను.

ఇక షాపుకు వచ్చిన మూడు పనులను ఇప్పుడు తిరిగి చూడవచ్చును. గేటు రేకుకు 0.6, ఏరేటరు యాంగిలుకు 0.8, పంటు పలకకు 1.2 మి.మీ. తీగ తగినవి. చుట్ట మార్చినప్పుడు తీగను నెట్టే చక్రంలోని గాడి, కొనలోని రాగి టిప్పు బెజ్జం కూడ తీగకు సరిపోయేవి కావలెను. టిప్పు వదులైతే విద్యుత్తు అందీ అందక చాపం మిణుకుతుంది. మొత్తం మార్పుకు పట్టేది కొద్ది నిమిషాలు. ఆ కొద్ది నిమిషాలు వెచ్చించి వేసిన అతుకు మీదనే భీష్మ ఏకాదశి నాటి జనం వశిష్ఠను దాటవలసి ఉన్నది.